మూసిన గదిలో ముట్టుకునే వస్తువుల నుంచి ఇన్ఫెక్షన్: ముప్పు లెక్కలో ఏ అంకెను నమ్మాలి?

సంభావ్యత్

ఒక మూసిన గది, పదిమంది, ఎనిమిది గంటలు. తలుపు పిడి, స్విచ్‌లు, మధ్యలో అందరూ వాడే బల్ల. కోవిడ్ తెచ్చే సార్స్-కోవ్-2 వైరస్ ఈ వస్తువుల మీంచి చేతికీ, చేతినుంచి ముఖానికీ చేరే దారిని మాత్రమే విడిగా లెక్కేస్తున్నాను. గాలి దారికి వేరే మోడల్ ఉంది.

ఒక్కసారి ముట్టుకుంటే లెక్క ఇది. స్వాబ్‌లో చదరపు సెంటీమీటరుకు 100 ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యుపదార్థం) కాపీలు. వెయ్యి కాపీలకు ఒక్కటే సోకగల వైరస్ అనుకుంటే చ.సెం.మీ.కి 0.1 పీఎఫ్‌యూ (సోకగల వైరస్‌ను లెక్కించే యూనిట్). పిడి పట్టుకుంటే 10 చ.సెం.మీ. చర్మం తగులుతుంది, ఉన్నదాంట్లో 20 శాతం అంటుకుంటుంది. అంటే తగిలిన చర్మం మీద చ.సెం.మీ.కి 0.02. ఆ చేతి వేలికొన, 2 చ.సెం.మీ., ముక్కుకు తగులుతుంది: 0.04. అందులో 35 శాతం లోపలికి పోతే డోసు 0.014 పీఎఫ్‌యూ.

ఆపైన ఎక్స్‌పొనెన్షియల్ మోడల్: ముప్పు = 1 − ఎక్స్‌ప్(−డోసు/కే). కే అంటే సోకడానికి ఎంత డోసు కావాలో చెప్పే స్థిరాంకం. దాని విలువ 410 పెడితే లక్షకు 3.4 వస్తోంది. మనుషుల మీద చేసిన ఛాలెంజ్ ట్రయల్ (కావాలని వైరస్ ఇచ్చి చూసే ప్రయోగం) తీసుకుంటే, 10 టీసీఐడీ50 (సోకే వైరస్‌కి ఇంకో యూనిట్, ల్యాబ్ కణాల సాగుల్లో సగానికి సోకే మోతాదు) ఇచ్చిన 34 మందిలో 18 మందికి సోకింది. దాన్నిబట్టి కే సుమారు 13.3 టీసీఐడీ50, 0.69తో గుణిస్తే 9.2 పీఎఫ్‌యూ. ఇది పెడితే పదివేలకు 15. అంటే 45 రెట్ల తేడా. ఏది పెట్టి రిపోర్టు ఇవ్వాలి?

నీలిమ_మైక్రో

రెండూ కాకుండా మూడోది కూడా ఉందండి. ఆ 0.69 అనేది వైరస్ కణాలు యాదృచ్ఛికంగా చెదిరి ఉన్నాయనుకునే సిద్ధాంతం నుంచి వచ్చిన మార్పిడి (సహజ లాగరిథం 2). టీసీఐడీ50 పరీక్ష ఒక రకం జీవకణాల సాగులో, ప్లాక్ పరీక్ష (పీఎఫ్‌యూ వచ్చేది దీని నుంచే) మరో రకం సాగులో చేస్తే ఆ నిష్పత్తి నిలవదు. ఆ ఛాలెంజ్ ట్రయల్‌లోనే ఇచ్చిన 10 టీసీఐడీ50 అంటే దాదాపు 55 ఎఫ్‌ఎఫ్‌యూ (సోకిన మచ్చల లెక్క, పీఎఫ్‌యూ లాంటిదే) అని రాశారు. దాంతో చేస్తే కే 73 దగ్గర, మీ ముప్పు పదివేలకు 1.9. ఒకే ప్రయోగం, ఒకే డోసు. యూనిట్ మార్చగానే ఎనిమిది రెట్లు కదిలింది.

కాబట్టి మొదటి నియమం: ఉపరితలం మీది వైరస్‌ని ఏ పరీక్షతో కొలిచారో, కే కూడా ఆ యూనిట్‌లోనే ఉండాలి. మధ్యలో మార్పిడి గుణకం పెట్టక తప్పకపోతే దాన్ని ఒక్క అంకెగా కాక పంపిణీగా పెట్టండి.

410 ఎక్కడిదో కూడా గుర్తుంచుకోండి. 2010లో వచ్చిన ఆ విలువ మొదటి సార్స్ వైరస్‌ది, ఎలుకల ప్రయోగాల నుంచి తీసింది. ఇటు ఛాలెంజ్ ట్రయల్‌లో ఉన్నవాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువకులు, అంతకుముందు వైరస్ సోకనివాళ్లు, టీకా వేసుకోనివాళ్లు. వైరస్‌ని చుక్కలుగా ముక్కులో వేశారు. వేలికొనతో ముక్కు అంచు తుడుచుకోవడమూ అదీ ఒకటి కాదు. పైగా ఒక్క డోసు దగ్గరి ఫలితం నుంచి గీసిన వక్రరేఖ అది. తక్కువ డోసులో దాని వాలు సరైనదో కాదో ఆ ఒక్క బిందువు చెప్పలేదు.

కోడ్‌కుర్ర

కే మీద ఇంత తర్జనభర్జన జరుగుతోంది గానీ, అంతకంటే పెద్ద తేడా తెచ్చే చోటు మీ మధ్య వరుసలో ఉంది, చూడండి.

చాలా మోడళ్లు చేతిని ఒకే డబ్బాగా తీసుకుంటాయి. అంటుకున్న వైరస్ చేయంతా సమానంగా పరుచుకుంటుందని అనుకుంటాయి. అమెరికా పర్యావరణ సంస్థ హ్యాండ్‌బుక్ ప్రకారం రెండు చేతుల వైశాల్యం మగవాళ్లకు సగటున 1,070, ఆడవాళ్లకు 890 చ.సెం.మీ. ఒక్క చేయి 500 అనుకుందాం. మీ లెక్కలో చేతికి అంటింది మొత్తం 0.2 పీఎఫ్‌యూ. దాన్ని 500 మీద పరిస్తే చ.సెం.మీ.కి 0.0004. వేలికొన 2 చ.సెం.మీ., 35 శాతం... డోసు 0.00028. మీరు రాసిన 0.014 కంటే 50 రెట్లు తక్కువ!

మీ పద్ధతిలో పిడిని తాకిన చర్మమే ముక్కునీ తాకింది. డబ్బా పద్ధతిలో ఎక్కడో తాకి ఎక్కడో పరుచుకుంది. నిజం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. నేను చెప్పేది రెండు డబ్బాలు పెట్టమని: వేలికొనలు ఒకటి, మిగతా చేయి ఇంకొకటి. స్విచ్, టచ్ స్క్రీన్ వేలికొనలకే తగులుతాయి. తలుపు పిడి, కుర్చీ వీపు ఎక్కువగా అరచేతికి తగులుతాయి. ముఖాన్ని ముట్టుకునేది వేలికొనలే. ఈ విభజనతో స్విచ్ ముప్పూ పిడి ముప్పూ వేర్వేరుగా తేలతాయి. ఒక్క డబ్బా మోడల్‌కి ఆ తేడా కనపడదు.

గాలిమర

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ వైరస్‌కి ఈ దారి మీద ఇంత శ్రమ ఎందుకు? 2021 ఏప్రిల్‌లోనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పింది కదా, కలుషితమైన వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం సాధారణంగా పదివేలకు ఒకటి కంటే తక్కువని. అంతకుముందు 2020లో మసాచుసెట్స్‌లోని సోమర్‌విల్‌లో బయటి వస్తువుల మీద 348 స్వాబ్‌లు తీస్తే 29లో ఆర్‌ఎన్‌ఏ దొరికింది. వాళ్ల అంచనా కూడా పదివేలకు 5 లోపే. మూసిన గదిలో పది మంది ఎనిమిది గంటలు ఉంటే, గాలి సంగతి చూడకుండా స్విచ్‌లు తుడిచి లాభం ఏమిటి?

బీటా_ప్రసాద్

సార్స్-కోవ్-2 వరకు మీ మాట కాదనను. కానీ మోడల్ ఒకసారి కట్టాక దాంట్లో వైరస్ మార్చుకోవచ్చు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ పెట్టి చూడండి, కథ మొత్తం తిరగబడుతుంది. చేయి, వస్తువు, నోరు, ఇదే దాని అసలు దారి. ఓడల్లో, వసతిగృహాల్లో అది చుట్టేసే తీరు చూస్తే వస్తువుల దారిని పక్కన పెట్టడానికి వీల్లేదు.

అయితే వైరస్ పేరు, ఒక స్థిరాంకం మార్చి ఊరుకుంటే సరిపోదు. కనీసం మూడు చోట్ల చెయ్యి పెట్టాలి.

మొదటిది యూనిట్. 2008 నాటి ట్యూనిస్ బృందం నోరోవైరస్ డోస్-రెస్పాన్స్‌లో (డోసు నుంచి ముప్పు కట్టే సూత్రంలో) డోసు జీనోమ్ కాపీల్లోనే ఉంది. అంటే పీసీఆర్ పరీక్ష ఇచ్చే కాపీల అంకెను నేరుగా పెట్టాలి. "వెయ్యికి ఒకటి" అనే భాగహారం సార్స్ కోడ్ నుంచి అలాగే మిగిలిపోతే ముప్పు వెయ్యి రెట్లు తగ్గిపోతుంది. కోడ్ మాత్రం ఎర్రర్ చూపించదు.

రెండోది ఫార్ములా. ఆ బృందం బీటా-పాయిజాన్ మోడల్‌లో (సోకే అవకాశం అందరికీ ఒకేలా ఉండదనుకునే మోడల్) పరామితులు ఆల్ఫా 0.04, బీటా 0.055. పుస్తకాల్లో కనిపించే సులభ బీటా-పాయిజాన్, అంటే 1 − (1 + డోసు/బీటా)^(−ఆల్ఫా), బీటా ఒకటి కంటే బాగా పెద్దదైతేనే చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. డోసు 0.01 దగ్గర సులభ ఫార్ములా 0.0067 ఇస్తుంది, అసలుది 0.0042. డోసు 1 దగ్గర సులభం 0.11, అసలుది 0.27. ఒకచోట ఎక్కువ చెబుతోంది, ఇంకోచోట తక్కువ. ఏదో ఒక గుణకంతో సరిచేద్దామన్నా కుదరదు. కాన్‌ఫ్లుయెంట్ హైపర్‌జియోమెట్రిక్ ఫంక్షన్ వాడాల్సిందే. పైథాన్ సైపై లైబ్రరీలో హైప్1ఎఫ్1 పేరుతో ఉంది.

మూడోది ముఖం. క్వాక్ బృందం 2015లో విద్యార్థులను గమనిస్తే గంటకు 23 సార్లు ముఖం ముట్టుకున్నారు. అందులో 44 శాతమే కళ్లు, ముక్కు, నోటికి, అంటే గంటకు పది. ఆ పదిలో నోటికి 36 శాతం, గంటకు 3.6 సార్లు. నోరోవైరస్‌కి లెక్కకొచ్చేది ఈ 3.6 మాత్రమే. 2008లో నికాస్, బెస్ట్ ఇచ్చిన 15.7 అంకె మొదటినుంచీ కళ్లు, ముక్కు రంధ్రాలు, పెదవులకే పరిమితం. దాన్ని మళ్లీ 44 శాతంతో గుణించే పొరపాటు తరచు కనపడుతుంది.

సంభావ్యత్

మూడూ నోట్ చేసుకున్నాను. నోరోవైరస్‌కి వేరే ఇన్‌పుట్ ఫైలే పెడతాను, మార్పిడి నిష్పత్తి కూడా అందులోకే వెళ్తుంది.

స్వాబ్ అంకెల గురించి ఒక ప్రశ్న. ఒక సెట్‌లో ఎక్కువ భాగం "దొరకలేదు" అనే వచ్చాయి. గుర్తించగల కనిష్ఠాన్ని 2 వర్గమూలంతో భాగించి ఆ ఖాళీలు నింపడం ఆనవాయితీ కదా, అలాగే చేయనా?

నీలిమ_మైక్రో

వద్దు. ఖాళీలు పదో పదిహేనో శాతమైతే ఆ చిట్కా పెద్దగా హాని చేయదు. సోమర్‌విల్ లాంటి సెట్‌లో 92 శాతం ఖాళీలే. అక్కడ సగటును నిర్ణయించేది మీ ల్యాబ్ పరికరం సున్నితత్వమే, గది కాదు. ఇంకా మంచి కిట్ కొంటే గది "శుభ్రపడుతుంది". ఖాళీలను ఎడమవైపు తెగిన డేటాగా (కనిష్ఠానికి దిగువే అని మాత్రమే తెలిసినవిగా) తీసుకుని, లాగ్‌నార్మల్ పంపిణీని గరిష్ఠ సంభావ్యతతో అమర్చండి. ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో దీనికి సర్వైవల్ విశ్లేషణ ప్యాకేజీలు సరిపోతాయి. కొన్ని వస్తువుల మీద వైరస్ అసలు లేదనడానికి కారణం ఉంటే, ఆ "సున్నా" వంతును వేరే పరామితిగా పెట్టండి.

దానికి ముందు స్వాబ్ రాబడి సరిచేయాలి. ఉన్నదంతా స్వాబ్‌కి రాదు. తెలిసిన మోతాదు పూసి, ఆరబెట్టి, స్వాబ్ చేస్తే 20 శాతమే తిరిగొచ్చిందనుకోండి, ప్రతి ఫలితాన్నీ 0.2తో భాగించాలి. ఈ పరీక్ష మీ గదిలో ఉన్న పదార్థం మీదే చేయాలి. స్టీలు రాబడిని చెక్క బల్లకు వాడితే చెక్క శుభ్రంగా ఉన్నట్టు తప్పుగా తేలుతుంది.

ఆ "వెయ్యికి ఒకటి" నిష్పత్తి సంగతి. అది స్థిరంగా ఉండదు, వైరస్ వస్తువు మీద పడ్డాక గడిచిన కాలంతో మారుతుంది. కోవిడ్ వ్యాపించిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో, ప్రయాణికులు ఖాళీ చేసిన 17 రోజులకు కూడా, ఇంకా శుద్ధి చేయని క్యాబిన్లలో ఆర్‌ఎన్‌ఏ దొరికింది. 2020లో వాన్ డోరెమాలెన్ బృందం స్టీలు మీద కొలిచిన అర్ధాయువు (సోకే వైరస్ సగమయ్యే కాలం) 5.6 గంటలు (21 నుంచి 23 డిగ్రీలు, 40 శాతం తేమ). 17 రోజులంటే అలాంటి అర్ధాయువులు 73. ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, సోకే శక్తి ఉండదు. కాబట్టి నిష్పత్తిని తాజా తుంపర దగ్గర ఒక పంపిణీగా పెట్టి, అక్కడినుంచి సోకే వైరస్‌నీ ఆర్‌ఎన్‌ఏనీ వేర్వేరు వేగాలతో తగ్గించండి. స్వాబ్ తీసిన వేళ, చివరిసారి ఆ గదిలో మనిషి ఉన్న వేళ, ఈ రెండూ రాసి లేకపోతే ఆ అంకెతో ముప్పు కట్టడం దండగ.

కోడ్‌కుర్ర

క్షీణత వేగం గురించి: లాంబ్డా = 0.693/అర్ధాయువు. 5.6 గంటలకు గంటకు 0.124. కొన్ని పేపర్లు డీ-విలువ (90 శాతం పోవడానికి పట్టే కాలం) ఇస్తాయి, అప్పుడు లాంబ్డా = 2.303/డీ. లాగ్ 10నీ సహజ లాగ్‌నీ కలిపేస్తే 2.3 రెట్లు తప్పుతుంది. ఫలితం నమ్మశక్యంగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో రెండు చోట్ల బగ్గులు వస్తాయి.

బదిలీ శాతం పంపిణీ. 2010లో జూలియన్ బృందం గాజుకీ వేలికీ మధ్య వైరస్‌ల బదిలీని కొలిస్తే సగటు 0.23, ప్రామాణిక విచలనం 0.22. దీన్ని నార్మల్‌గా పెడితే 15 శాతం డ్రాలు (యాదృచ్ఛికంగా తీసిన విలువలు) సున్నా కంటే తక్కువ వస్తాయి. "రుణాత్మకమైతే మళ్లీ తీయి" అని రాస్తే సగటు 0.29కి ఎగబాకుతుంది. బీటా పంపిణీ పెట్టండి: ఆల్ఫా 0.61, బీటా 2.05 పెడితే అదే సగటు, అదే విచలనం, ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే. (ఇవి డోస్-రెస్పాన్స్ ఆల్ఫా, బీటా కావు. కోడ్‌లో వేరే పేర్లు పెట్టుకోండి.) ప్లాస్టిక్, గాజు, స్టీలు ఒక గుంపు, గుడ్డ, కాగితం వేరే గుంపు. 2013 నాటి లోపెజ్ బృందం కొలతల్లో నున్నటివాటి నుంచి తేమ ఎక్కువున్నప్పుడు 79.5 శాతం దాకా వచ్చింది, గుడ్డల్లాంటి వాటి నుంచి 13.4 దాటలేదు.

రెండోది స్పర్శలను కూడటం. పదిసార్లు బల్ల ముట్టుకుంటే పదింతలు అంటదు. చేతిమీది వైరస్ కూడా తిరిగి బల్లకు పోతుంది. తగిలిన చర్మానికి సూత్రం:

కొత్త చేయి = పాత చేయి + (బదిలీ × బల్ల సాంద్రత) − (తిరుగు బదిలీ × పాత చేయి)

రెండు బదిలీలూ 0.2 అయితే పది స్పర్శల తర్వాత చేతి సాంద్రత బల్లలో 89 శాతానికి చేరుతుంది, ఇంకా ముట్టుకున్నా 100 దాటదు. ఊరికే కూడితే 200 శాతం. బల్లకంటే చేయి రెండింతలు మలినమైనట్టు! ఆ పొరపాటును పట్టుకోవడం తేలికే: గదిలో మొత్తం వైరస్ = ఉపరితలాలు + చేతులు + శరీరంలోకి పోయింది + చనిపోయింది. ప్రతి అడుగులో ఈ కూడిక సరిపోతోందో లేదో చూసే అసర్ట్ (కోడ్‌లో తనిఖీ) పెట్టండి.

సమయం అడుగుల సంగతి ఎవరో అడగబోతారు కాబట్టి: నిమిషానికో అడుగు వేసి ఒక్కో నిమిషంలో అన్ని స్పర్శలనూ ఒకేసారి జరిపితే "పిడి తర్వాత ముక్కు" అన్న వరుస పోతుంది. ఘటనల వారీగా నడపండి. తర్వాతి స్పర్శ ఎప్పుడో ఎక్స్‌పొనెన్షియల్ నుంచి తీయడం, ఆ విరామానికి క్షీణతను వర్తింపజేయడం, ఆ తర్వాత స్పర్శ.

తడిగుడ్డ

గది శుభ్రం చేసేవాళ్లకి పనికొచ్చే భాగం ఇంకా రాలేదు. ఎన్నిసార్లు తుడవాలి?

కలుషితం స్థిరమైన వేగంతో పడుతోందనుకోండి, స్టీలు మీద లాంబ్డా 0.124. అసలు తుడవకపోతే సగటు భారం వేగం/లాంబ్డా. టీ గంటలకోసారి పూర్తిగా తుడిస్తే ఆ సగటు ఈ వంతుకు దిగుతుంది:

1 − (1 − ఎక్స్‌ప్(−లాంబ్డా × టీ)) / (లాంబ్డా × టీ)

24 గంటలకోసారి తుడిస్తే 32 శాతమే తగ్గుతుంది. 8 గంటలకోసారైతే 63 శాతం, 2 గంటలకోసారైతే 89 శాతం. సీసా మీద "99.9 శాతం సంహారం" అని రాసి ఉన్నా రోజుకోసారి వాడితే దక్కేది ఆ 32 మాత్రమే. తుడిచిన మరుక్షణం నుంచి మళ్లీ పడుతుంది కదా.

తుడవడం అంత గట్టిగా లేకపోతే? ప్రతిసారీ 90 శాతమే పోతుందనుకుంటే 8 గంటల ఫలితం 63 నుంచి 59కి దిగుతుంది, అంతే. అదే 90 శాతం తుడుపును 4 గంటలకోసారి చేస్తే 76. నాసిగానైనా రెండుసార్లు తుడవడం, ఒక్కసారి నిష్ఠగా తుడవడం కంటే మేలు. నోరోవైరస్‌కి ఈ మాట ఇంత ధీమాగా చెప్పను, అది ఆరిన వస్తువుల మీద చాలాకాలం నిలుస్తుంది. లాంబ్డా చిన్నదైతే పై ఫార్ములాలో "తుడవకపోతే" సగటు భారీగా పెరుగుతుంది, స్థిరస్థితికి రోజులు పడుతుంది, మిగిలిపోయిన 10 శాతం కూడా పేరుకుంటుంది.

రాగి గురించి అడిగేవాళ్లకి: అదే వాన్ డోరెమాలెన్ కొలతల్లో రాగి మీద అర్ధాయువు 0.77 గంట. తుడవకుండా వదిలేసిన రాగి పిడి, రెండున్నర గంటలకోసారి తుడిచే స్టీలు పిడితో సమానం. ఇది శుభ్రమైన రాగి సంగతి. జిడ్డు పొర పట్టాక ల్యాబ్ అంకె పనిచేస్తుందని అనుకోవద్దు.

గాలిమర

కలుషితం "స్థిరమైన వేగంతో పడుతోంది" అన్నారు. ఆ వేగం నా గాలి మోడల్ నుంచే రావాలి. రెంటినీ విడగొట్టి నడిపితే ఒకే తుంపరను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

10 మైక్రాన్ల కణం సెకనుకు 0.3 సెం.మీ. దిగుతుంది, గంటకు 11 మీటర్లు. గది ఎత్తు 2.5 మీటర్లయితే నేలకు, బల్లకు పోయే వేగం గంటకు 4.4. గంటకు 6 సార్లు గాలి మారే గదిలో ఆ కణాల్లో 42 శాతం ఉపరితలాల మీదికి దిగుతాయి. 5 మైక్రాన్లవి 15 శాతం. 1 మైక్రాన్‌వి ఒక్క శాతం కూడా కాదు. గాలి మార్పిడి గంటకు 1కి పడిపోతే 10 మైక్రాన్లకు 81 శాతం, 5 మైక్రాన్లకు 52 శాతం. (గాలిలో వైరస్ చచ్చిపోవడాన్ని పక్కనపెట్టి చెబుతున్నాను.) అంటే కిటికీలు మూస్తే గాలి ముప్పే కాదు, బల్ల మీద భారం కూడా పెరుగుతుంది. సంభావ్యత్ గారు గాలి వేరే మోడల్‌లో ఉందని మొదట్లో అన్నారు. ఆ రెండూ గాలి మార్పిడి రేటును ఒకే ఫైల్ నుంచి తీసుకుంటున్నాయా?

సంభావ్యత్

లేదండి, వేర్వేరుగా ఉన్నాయి. కలుపుతాను. పెద్ద చుక్కల్ని మాత్రం గాలిలో కలపకుండా, దగ్గినవాళ్ల ముందు ఒకటి రెండు మీటర్ల లోపు నేరుగా బల్ల మీద వేస్తున్నాను, అది అలాగే ఉంచుతాను.

ఇంకొకటి. ఎనిమిది గంటల్లో ముఖం ఎన్నోసార్లు ముట్టుకుంటారు. ఒక్కో స్పర్శ ముప్పు కట్టి 1 − (1 − పీ1)(1 − పీ2)... అని కలపాలా, డోసులన్నీ కూడి ఒకేసారి ముప్పు కట్టాలా?

బీటా_ప్రసాద్

ఎక్స్‌పొనెన్షియల్ మోడల్‌కి రెండూ ఒకటే, గణితపరంగా కచ్చితంగా ఒకటే. బీటా-పాయిజాన్‌కి కాదు. నోరోవైరస్ విలువలతోనే చూడండి: డోసు 0.1 చొప్పున పదిసార్లు. విడిగా కట్టి కలిపితే 0.34. కూడి కడితే 0.27.

తేడా ఎందుకంటే, బీటా పంపిణీ చెప్పేది మనిషికి మనిషికి మధ్య తేడా అని అర్థం చేసుకుంటే, ఒకే మనిషి పది స్పర్శల్లోనూ ఒకే నిరోధంతో ఉంటాడు. విడిగా కడితే ప్రతి స్పర్శకూ కొత్త మనిషిని తెచ్చినట్టు. ఒక మనిషి ఒక రోజుకైతే డోసులు కూడండి. పదిమందికి విడివిడిగా కట్టి, ఆపైన గదికి కలపండి.

పనిలోపని, డోసు ఒకటికి లోపే ఉన్నప్పుడు పాయిజాన్‌తో పూర్ణ సంఖ్య తీసి, దాన్ని మళ్లీ ఎక్స్‌పొనెన్షియల్ ఫార్ములాలో పెట్టేవాళ్లు ఉంటారు. ఫార్ములాలో పాయిజాన్ అప్పటికే ఉంది. పూర్ణ సంఖ్య తీశాక వాడాల్సింది 1 − (1 − ఆర్)^ఎన్. ఆర్ అంటే ఒక్క కణం సోకించే అవకాశం, ఎన్ అంటే కణాల సంఖ్య. ఆర్ చిన్నదైతే తేడా కనపడదు. ఆర్ 0.5 దగ్గరైతే ఒక్క కణానికి 0.5 రావాల్సింది 0.39 వస్తుంది.

నీలిమ_మైక్రో

మొదటి ప్రశ్నకు ఇంకా సూటిగా జవాబు రాలేదు: ఏ కే పెట్టి రిపోర్టు? మూడూ పెట్టండి, 410, 73, 9.2. ప్రతి దృశ్యాన్నీ మూడింటితో నడపండి. అసలు ముప్పు అంకె మూడు వరుసల్లో వేర్వేరుగా ఉంటుంది. దాన్ని దాచవద్దు. కానీ "4 గంటలకోసారి తుడిస్తే ఎంత తగ్గుతుంది", "స్విచ్ ముఖ్యమా, పిడి ముఖ్యమా" అనేవి డోసు తక్కువగా ఉన్నంతవరకు కే మీద దాదాపు ఆధారపడవు, ఎందుకంటే ఆ ప్రాంతంలో ముప్పు = డోసు/కే. నిష్పత్తి తీసుకుంటే కే కొట్టుకుపోతుంది. కోడ్‌కుర్ర చెప్పిన వేలికొన విభజన మాత్రం కొట్టుకుపోదు. అది దృశ్యాల వరుసనే మార్చగలదు. మీ సమయం అక్కడ పెట్టండి.

మాంటే కార్లోలో (యాదృచ్ఛిక అంకెలతో మోడల్‌ని వేలసార్లు నడపడంలో) మనుషుల మధ్య తేడానీ (ముఖం ఎన్నిసార్లు ముట్టుకుంటారు), మనకు తెలియనిదాన్నీ (కే, నిష్పత్తి) ఒకే లూప్‌లో కలపకండి. బయటి లూప్‌లో తెలియనివి, లోపలి లూప్‌లో తేడాలు. అప్పుడే "ఇంకా కొలిస్తే తగ్గే అనిశ్చితి ఎంత" అన్నది తేలుతుంది.

తడిగుడ్డ

నోరోవైరస్ దృశ్యం రాసేటప్పుడు చేతులకు ఆల్కహాల్ జెల్ వాడితే సార్స్-కోవ్-2కి పెట్టినంత తగ్గింపు పెట్టకండి, దాని మీద జెల్ అంతగా పనిచేయదు. సబ్బు, నీళ్లు పెట్టండి. ఉపరితలాలకు క్లోరిన్ 1,000 నుంచి 5,000 పీపీఎం (పదిలక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు). 5 శాతం బ్లీచ్ అంటే 50,000 పీపీఎం. 1,000 కావాలంటే ఒక పాలు బ్లీచ్‌కి 49 పాళ్లు నీళ్లు, 5,000 కావాలంటే 9 పాళ్లు. ముందు మురికి కడిగేయాలి, లేదంటే క్లోరిన్ అంతా మురికే తినేస్తుంది. యాసిడ్ గానీ అమోనియా గానీ దగ్గరికి రానివ్వద్దు. మోడల్‌లో కూడా మురికి ఉన్న తుడుపుకీ లేని తుడుపుకీ రెండు వేర్వేరు తగ్గింపు విలువలు పెట్టండి.

సంభావ్యత్

సరే. రెండు డబ్బాల చేయి, తెగిన డేటాతో లాగ్‌నార్మల్, గాలి మోడల్‌తో ఉమ్మడి ఫైల్, మూడు కే విలువలు. 8 గంటల తుడుపునీ 4 గంటల తుడుపునీ పోల్చేటప్పుడు చెరో పదివేల రన్లు తీస్తే, తేడా రన్‌కి రన్‌కి ఊగుతోంది. లక్షకు పెంచాలా?

కోడ్‌కుర్ర

రన్లు పెంచక్కర్లేదు. రెండు దృశ్యాలకీ ఒకే సీడ్ (ర్యాండమ్ నంబర్ల వరుసను మొదలుపెట్టే అంకె) ఇవ్వండి. అదే మనుషులు, అవే స్పర్శలు, అదే వరుస, తుడిచే వేళ మాత్రమే వేరు. రన్ వారీగా తేడా తీసి, ఆ తేడాకే 95 శాతం అంతరం కట్టండి. పదివేలు చాలు. ఒకటే జాగ్రత్త: తుడుపు ఘటన కోసం ర్యాండమ్ నంబర్ తీస్తే ఆ తర్వాతి స్పర్శలన్నీ ఒక స్థానం జరిగిపోయి రెండు దృశ్యాల పొంతన చెదిరిపోతుంది. స్పర్శలకు ఒక జెనరేటర్, తుడుపుకు ఇంకొక జెనరేటర్ విడిగా పెట్టండి.